అల్లికలో జిగి, బిగి: ఒకటా, రెండా?

ప్రశ్న:
మా అమ్మాయికి పదకొండేళ్లు. ఈ సెలవుల్లో ఉన్నితో మఫ్లరు అల్లడం నేర్చుకుంటోంది. నిన్న ఉన్నట్టుండి సూదులు పక్కన పెట్టి అడిగింది: "మఫ్లరూ అల్లుతాం, కథలూ అల్లుతాం. కథ అల్లాడంటే అబద్ధం చెప్పాడనే కదా అమ్మా? రెండింటికీ ఒకే మాట ఎందుకు?" జవాబు వెతుకుతుంటే 'అల్లసానివాని యల్లిక జిగిబిగి' గుర్తుకొచ్చింది. అక్కడ అల్లిక మెచ్చుకోలు మాట. ఆ జిగిబిగి జంటపదమా, రెండు వేరువేరు గుణాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు:
రెండు గుణాలేనండీ. జిగి అంటే కాంతి, మెరుపు. బిగి అంటే బిగువు. కృష్ణదేవరాయల ఆస్థానంలోని అల్లసాని పెద్దన కవిత్వాన్ని మెచ్చుకునే ఆ ఆటవెలది పద్యం ఒక చాటువు, అంటే జనం నోట నిలిచిన విడిపద్యం. అందులోనే 'పదగుంఫనం' అనే మాట కూడా ఉంది. గుంఫనమంటే గుచ్చి కూర్చడం. అదీ చేతిపని మాటే.

ఇది నిఘంటువు అర్థం. చాలా ఏళ్లుగా ఉన్ని అల్లుతున్నదానిగా ఇంకొకటి చెప్పాలనిపిస్తోంది. చేతిలో సూదులున్నప్పుడు ఈ రెండూ విడివిడిగా ఉండవు. బిగి సరిగ్గా కుదిరితేనే జిగి వస్తుంది. దారం మరీ బిగిస్తే తర్వాతి వరుసలో సూది దూరదు, అల్లినది అట్టలా బిరుసెక్కుతుంది. మరీ వదిలితే సందులు పడి జారిపోతుంది. ఒక వరుసలో బిగించి మరో వరుసలో వదిలితే, ఎంత మంచి ఉన్ని అయినా గతుకులుగా కనిపిస్తుంది. మెరుపు దారానిది మాత్రమే కాదు, చేతి సమత్వానిది కూడా. ఆ పాదం చదివినప్పుడల్లా, అన్నవారెవరైనా అల్లే చేతులను దగ్గరగా చూసి ఉంటారని నా నమ్మకం.

మరొకరు:
బుట్టల అల్లికలోనూ ఇంతే. వంగడానికి బద్దలను నానబెట్టి అల్లుతాం. ఆరాక అవి సన్నబడి వరుసల మధ్య సందు వస్తుంది. అందుకే తడిగా ఉన్నప్పుడే వరుసలను కిందికి నొక్కుతూ పోవాలి. బిగి ఎంతో ఆరాకే తెలుస్తుంది.

ఇక పాప అడిగిన ప్రశ్న చాలా గొప్పది, దాన్ని దాటవేయకండి. కుట్టుపనికి గుడ్డ ముందే ఉండాలి. అల్లికకు అలా కాదు: ఒక్క దారం తనలో తాను మెలికలు తిరుగుతూ, అంతకుముందు లేని గుడ్డను పుట్టిస్తుంది. కథ కూడా అలాగే, లేనిచోట పుడుతుంది. అందుకే అబద్ధానికీ, కావ్యానికీ అదే క్రియ సరిపోయింది. అల్లడంలో తప్పు లేదు. అల్లినదాన్ని జరిగినదని నమ్మించడంలోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారం. మీరు రాసినవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. కథ సంగతి విని, "అయితే నేనూ లేనిదాన్ని పుట్టిస్తున్నానన్నమాట" అంది. తర్వాత మఫ్లరు పరిచి చూసుకుంది. మొదట్లో భయంతో దారం గట్టిగా పట్టుకున్నట్టుంది, ఆ చివర ఇరుకుగా ఉంది. చెయ్యి అలవాటు పడ్డాక వెడల్పు పెరిగింది. మొదలు ఇరుకుగా ఉందని అంతా విప్పేసింది. నేను వద్దన్నా వినలేదు. ఇప్పుడు ఉన్నిని మళ్లీ ఉండ చుడుతోంది.