‘దయ చుట్టంబౌ’: ఇక్కడ ‘తన’ ఎందుకు లేదు?

సుమతీ శతకంలోని ‘తన కోపమె తన శత్రువు’ పద్యం చివర ‘నరకమండ్రు’ అనా, ‘నరకమగును’ అనా? రెండూ నా చెవిలో మెదులుతున్నాయి. ఆ చోట జగణమైనా (లఘువు, గురువు, లఘువు) నలమైనా (నాలుగు లఘువులు) చెల్లుతుంది కాబట్టి ఛందస్సు తేల్చదు.

— నేను చదివిన ప్రతుల్లో ‘అండ్రు’ అనే ఉంది. నన్ను ఆపేది మాత్రం ‘దయ చుట్టంబౌ’ అన్నచోట దయ. కోపమె, శాంతమె, సంతోషమె, దుఃఖమె అంటూ నాలుగింటికీ ముందు ‘తన’, చివర అవధారణ (నొక్కి చెప్పే ‘ఎ’) ఉన్నాయి. దయకు రెండూ లేవు. ‘దయె చుట్టంబౌ’ అన్నా గణం గాని యతి గాని చెడదు. తక్కినవి పుట్టిన మనసునే పట్టుకుని ఉంటాయి, దయ ఎదుటివారి దగ్గరికి వెళుతుంది. అందుకే కవి దానికి ‘తన’ అంటించలేదని నా నమ్మకం.

— పరిశీలన బాగుందండీ, కాని ‘తన’ చేరిస్తే రెండు మాత్రలు పెరుగుతాయి. అంతకు మించిన కారణం అక్కరలేదు. నా పట్టింపు ‘కోపమె’ లోని ‘మె’ మీద. శత్రువు బయట లేడని ఆ ఒక్క అక్షరం చెబుతుంది గాని, కోపం ఎలా పుడుతుందో చెప్పదు. అది గీత రెండో అధ్యాయంలో ఉంది: ఇంద్రియ విషయాలను ధ్యానిస్తే సంగం, సంగం వల్ల కామం, కామం వల్ల క్రోధం. ఎవరో అన్న మాటను రాత్రంతా నెమరువేసుకున్నవాడికి, అన్నప్పుడు లేని కోపం తెల్లవారేసరికి వస్తుంది.

— తలపు దింపేదే కాదు, ఎక్కించేది కూడా. పోతన ప్రహ్లాదుణ్ణి తలచుకోండి: ‘అంబుజోదర దివ్య పాదారవింద చింతనామృత పాన విశేష మత్త చిత్త మేరీతి నితరంబుఁ జేరనేర్చు’. విష్ణు పాదాల చింతనే అమృతం, దాన్ని తాగితే మత్తు, ఆ మత్తులో ఉన్నది చిత్తం. మూడు పాదాలకు పాకిన ఆ సమాసంలో ‘చిత్తము’ దాకా ఊపిరి తీసుకునే చోటు లేదు. తలపు ఎక్కడ ముగిసి భావం ఎక్కడ మొదలైందో విడదీయనివ్వని ఆ కూర్పు పోతనకే సాధ్యం.

— శంకర భాష్యం కూడా ఆ గీతా శ్లోకంలోని ‘ధ్యాయతః’ను ‘చింతయతః’ అనే వివరించింది, కనుక రెండు చోట్లా ఉన్నది చింతే. తేడా దేన్ని చింతిస్తున్నామన్నదే. అదే భాష్యం ‘సంగః’ అంటే ఆసక్తి, ప్రీతి అంటుంది. క్రోధానికి ముందు ప్రీతి ఉందన్నమాట. మరి శతకకర్త బద్దెన స్వర్గమన్న సంతోషంలో ఆ ప్రీతి కూడా చేరుతుందా? చేరదనే నేను అన్వయిస్తాను. విషయం దూరమైతే పోయే ప్రీతికి ‘తన’ అనే విశేషణం పొసగదు.

— అలాగైతే దుఃఖానికి ఎలా పొసగిందో కూడా మీరే చెప్పాలి.