అమెరికాలో అమ్మాయి కాన్పుకు వెళ్తున్నాం: సరుకులు ఇక్కడి నుంచే తీసుకెళ్లాలా?

కోవూరు అమ్మమ్మ
అందరికీ నమస్కారం. వచ్చే నెల నేను, మావారు డల్లాస్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. తొలి కాన్పు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మాకు తెలిసిన అంగడి ఉంది. కందిపప్పు, మినప్పప్పు, పాత బియ్యం, శొంఠి, పిప్పళ్లు, వాము అన్నీ అక్కడే కట్టిద్దామనుకున్నా. బాలింత కారం ఇంట్లోనే కొట్టుకుంటాం. అమ్మాయేమో "ఇక్కడ అన్నీ దొరుకుతాయి, ఒక్కటి కూడా తేవద్దు" అంటోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ఏం పెట్టుకోవాలి, ఏం మానాలి?

పెన్నా గట్టు
పిన్నీ, మాది నెల్లూరే, పదేళ్లుగా టెక్సాస్‌లో ఉన్నాం. మీ అమ్మాయి చెప్పింది నిజం. డల్లాస్‌లో గోంగూర నుంచి చింతచిగురు దాకా దొరుకుతాయి. బియ్యం 20 పౌండ్ల బస్తాలుగా అమ్ముతారు, అంటే మన తొమ్మిది కిలోలు. మన సరుకుల కంటే ఇక్కడి అలవాట్లే మీకు కొత్తగా ఉంటాయి. పాలు గ్యాలన్ డబ్బాలో వస్తాయి, దాదాపు 3.8 లీటర్లు. మా నాన్న మొదటిసారి ఆ డబ్బా చూసి ఇంటికి పెళ్లివాళ్లు వస్తున్నారా అని అడిగారు. గుడ్లు ఫ్రిజ్‌లోనే అమ్ముతారు, ఇంట్లోనూ ఫ్రిజ్‌లోనే పెట్టాలి. వస్తువు మీద ఎమ్మార్పీ ఉండదు. ఒకే పెరుగు డబ్బా రెండు షాపుల్లో రెండు ధరలుంటుంది. హాయిగా ఖాళీ సూట్‌కేసులతో రండి.

చీమకుర్తి బాబాయ్
ఖాళీగా రమ్మని చెప్పడం తేలిక. అసలు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నా. బియ్యం తీసుకెళ్లొద్దు. ఖాప్రా అని ధాన్యాన్ని తినే పురుగు ఉంది. అది ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తేకూడదని అమెరికా రూలు. మన దేశం ఆ లెక్కలోకి వస్తుంది. పచ్చి కరివేపాకు కూడా వద్దు. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసే పురుగు దాని మీద ఉంటుందని వాళ్ల భయం. చికెన్, మటన్ పచ్చళ్లు అసలే వద్దు. మా ఆవిడ తీసుకెళ్లిన కరివేపాకును ఒక విమానాశ్రయంలో మా కళ్ల ముందే చెత్తబుట్టలో వేశారు. గంటసేపు నిలబెట్టారు. ఆ అవమానం ఈరోజుకీ మర్చిపోలేదు.

కనిగిరి కుర్రోడు
బాబాయ్, కస్టమ్స్ వాళ్లకు ముందే చెప్పేస్తే జరిమానా ఉండదుగా? వద్దన్నది తీసుకుని పంపించేస్తారు.

చీమకుర్తి బాబాయ్
జరిమానా గురించి నేను మాట్లాడలేదు. అవమానం గురించి మాట్లాడాను.

ఒంగోలు కోడలు
మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఇక్కడ గుడ్లు బయట అరలోనే అమ్ముతారు, అచ్చం మన ఒంగోలు కొట్లో అట్టలు పేర్చినట్టే. "గుడ్లు ఫ్రిజ్‌లోనే పెట్టాలి" అన్నది ప్రపంచమంతటికీ వర్తించే మాట కాదు. పాలు కూడా అట్టపెట్టెల్లో నెలల తరబడి బయటే ఉంటాయి, విప్పితేనే ఫ్రిజ్. నీళ్ల సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్ కట్టాలి, ఖాళీ సీసా మెషీన్‌లో వేస్తే తిరిగిస్తారు. ఆదివారం సూపర్ మార్కెట్లు మూత. మా అత్తగారు వచ్చిన మొదటి ఆదివారం ఉల్లిపాయ లేక కూర ఆగిపోయింది.

పెన్నా గట్టు
ఆమె వెళ్లేది జర్మనీకి కాదు, అమెరికాకు. అమెరికాలో గుడ్లు కడిగి అమ్ముతారు. కడిగితే పెంకు మీది సన్నని పొర పోతుంది, అందుకే చల్లగా ఉంచాలి. యూరప్‌లో కడగరు కాబట్టి ఆ పొర అలాగే ఉంటుంది, బయట పెట్టొచ్చు. రెండూ సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమి రాకుండా చేసే ఏర్పాట్లే, దారులు వేరు.

చీమకుర్తి బాబాయ్
మా అబ్బాయి ఇంట్లో నేను గుడ్లు బయట పెట్టాను, ఏమీ కాలేదు.

పెన్నా గట్టు
ఏమీ కాకపోవడం మీ అదృష్టం బాబాయ్. ఇంట్లో బాలింత ఉంటుంది. దయచేసి పిన్నికి ఆ సలహా ఇవ్వకండి.

చీమకుర్తి బాబాయ్
నేను సలహా ఇవ్వలేదు. జరిగింది చెప్పాను. ఇంకోటి, అమెరికాలో అరమీద రాసిన ధర ఒకటి, బిల్లులో ధర ఇంకొకటి. చివర్లో ట్యాక్స్ కలుపుతారు. అది ఎందుకు చెప్పలేదు?

పెన్నా గట్టు
టెక్సాస్‌లో బియ్యం, పప్పు, కూరగాయలకు అమ్మకం పన్ను లేదు. సబ్బులకు, గిన్నెలకు ఉంది. మీ అబ్బాయి ఉండే రాష్ట్రంలో వేరేగా ఉండొచ్చు.

విడవలూరు రొయ్యల రైతు
గుడ్ల సంగతి మీరు తేల్చుకోండి, నేను రొయ్యల సంగతి చెబుతా. మా దగ్గర కౌంటు అంటే కిలోకి ఎన్ని అని. 60 కౌంటు అంటే కిలోకి అరవై. అమెరికాలో మావాడి ఫ్రిజ్‌లో రొయ్యల ప్యాకెట్ మీద 26/30 అని ఉంటే ఇంత పెద్ద రొయ్య ఈ రేటుకెలా ఇస్తున్నారని ఆశ్చర్యపోయా. వాళ్లు లెక్కేసేది పౌండుకి! కిలోకి లెక్కేస్తే 57 నుంచి 66. తల తీసి, నల్లనరం తీసి, శుభ్రంగా గడ్డకట్టించి పెట్టారు. అడుగున సన్న అక్షరాల్లో ఇండియా అని ఉంది. మా జిల్లా గుంటలో పెరిగిన రొయ్యేనేమో ఎవరికి తెలుసు. రాత్రంతా గుంటలో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ల దగ్గర మేలుకుని పెంచేది మేము. 2025 ఆగస్టులో వాళ్లు సుంకం 50 శాతానికి పెంచితే ఇక్కడ రేటు కోసింది మాకు. అక్కడి షాపులో మా ఊరి పేరు కూడా ఉండదు. అమ్మా, మీరు రొయ్యలు మాత్రం అక్కడే కొనండి. మన దేశానివి అడిగి కొనండి.

కనిగిరి కుర్రోడు
అన్నా, ఇన్నాళ్లూ ఈ పౌండు లెక్క నాకు తెలియదు.

ఒంగోలు కోడలు
టాపిక్ మారిపోయింది. నా మాట సూటిగా చెబుతాను. దయచేసి బస్తాలు మోసుకెళ్లకండి. మా అత్తగారు వచ్చినప్పుడు రెండు పెట్టెలు సరుకులు తెచ్చారు. నా అరలో ఉన్న కందిపప్పు పక్కకు జరిగింది, ఆమెది ముందుకొచ్చింది. నా కారం డబ్బా మీద ఆమె కారం డబ్బా. ఆరు నెలలు నా వంటింట్లో నేను అతిథిగా ఉన్నాను. సరుకు మంచిదా కాదా అన్నది ఎవరూ అడగలేదు.

చీమకుర్తి బాబాయ్
కొడుకు ఇంటికి కన్నతల్లి పప్పు తెస్తే అరలో చోటు లేదా? ఇదేం కాలం! ఆవిడ ఆ పెట్టెలు విమానం దాకా ఎలా మోసిందో ఆలోచించావా తల్లీ?

ఒంగోలు కోడలు
బాబాయ్ గారూ, ఆవిడ మోయలేదు. మోసింది నా భర్త. మీరు నన్ను చెడ్డదాన్ని చేయడానికి తొందరపడుతున్నారు. నేను ఆవిడ వంట తప్పని అనలేదు. అడగకుండా మార్చారని అన్నాను.

పెన్నా గట్టు
ఇదే నేను చెప్పాలనుకున్నది. 2023 జులైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు ఇక్కడి ఇండియన్ స్టోర్లలో బస్తాల కోసం క్యూలు కట్టాం. ఇంటికింతేనని పరిమితి పెట్టారు. అప్పుడు మా అమ్మ ఫోన్ చేసి బియ్యం పంపిస్తానంది. నేను విసుక్కున్నాను. ఆమెకి నా బియ్యం గురించి బెంగ, నాకు ఆఫీసు టెన్షన్. మరుసటి ఏడాది సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు. నేను విసుక్కున్న సంగతి మాత్రం ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కోవూరు అమ్మమ్మ
ఇంతసేపూ చదువుతూనే ఉన్నా. గుడ్లు ఫ్రిజ్‌లో పెడతా, బియ్యం మానేస్తా, కరివేపాకు ముట్టను. ఒంగోలు అమ్మాయి మాట గుచ్చుకుంది, కానీ అబద్ధం కాదు. నా బాధ సరుకు కాదు. పోయినసారి చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు అక్కడ కారు లేకుండా అంగడికి పోలేనని తెలిసింది. అమ్మాయి శనివారం తెచ్చిపెడితే వారమంతా దానితోనే. ఉప్పు ఎక్కడుందో, పాల డబ్బా ఎలా తెరవాలో, ఏ గ్యాలన్ మీద ఏ రంగు మూతంటే ఏ పాలో అన్నీ అడగాలి. అడిగిన ప్రతిసారీ "అమ్మా, నువ్వు కూర్చో" అంటుంది. కూర్చోవడానికి వెళ్లడం లేదు నాయనా, నా బిడ్డకు కాన్పు. నాకు చేతనైన పని ఒకటి నా చేతుల్లో ఉండాలని శొంఠి, పిప్పళ్లు మూటకట్టుకుంటున్నా. అదీ వద్దంటే నేను అక్కడ ఎవర్ని?

విడవలూరు రొయ్యల రైతు
అమ్మా, ఇది ముందే చెప్పి ఉంటే గుడ్ల గొడవ ఉండేది కాదు.

ఒంగోలు కోడలు
అత్తమ్మా అని పిలవాలనిపిస్తోంది మిమ్మల్ని. మా అత్తగారు ఈ ఒక్కమాట నాతో అని ఉంటే బాగుండేది. అయినా నా అభిప్రాయం మారలేదు, అర ఎవరిదో ముందు తేల్చుకోవాలి. మీ అమ్మాయితో ఫోన్‌లోనే మాట్లాడండి. బాలింత కారం నేను తెస్తున్నా, వంటింట్లో నాకో చిన్న అర ఇవ్వు, పత్యం వంట నాది, మిగతాది నీది అనండి. ఇన్ని రోజులు, ఇన్ని డబ్బాలు అని ముందే తేల్చుకోండి.

పెన్నా గట్టు
పిన్నీ, దిగిన తర్వాత మొదటి శనివారం అమ్మాయినో అల్లుడినో మిమ్మల్ని ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్లమనండి, కార్టు మీరే తోయండి. ఏ పప్పు ఏ రకమో మీరే ఏరండి. నడక దూరంలో షాపు ఉంటే ఆ దారి చూపించమనండి. పొడులు కొట్టించాక గాలి చొరకుండా ప్యాక్ చేయించి, పేరు, తేదీ రాసి పెట్టండి. తినుబండారాలు ఉన్నాయని కస్టమ్స్ వాళ్లకు తప్పకుండా చెప్పండి.

కోవూరు అమ్మమ్మ
సరే. రేపు ఫోన్ చేస్తా. పిప్పళ్లు ఎంత తీసుకెళ్లాలి?

ఒంగోలు కోడలు
అది అమ్మాయిని చూసే డాక్టరమ్మను అడిగి పెట్టండి అత్తమ్మా. పాలిచ్చే తల్లి కదా.

చీమకుర్తి బాబాయ్
ఎన్ని చెప్పుకున్నా బియ్యం మాత్రం పెట్టొద్దమ్మా. ఒక్క గుప్పెడు కూడా.