అప్‌డేట్: యూఎస్‌బీ హార్డ్ డిస్క్ మౌంట్ సమస్య తీరింది

ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లోని నా యూఎస్‌బీ హార్డ్ డిస్క్ తగిలించి లేనప్పుడు లినక్స్ బూట్ మధ్యలో ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తోందని, తగిలించినప్పుడేమో ఫైళ్లన్నీ రూట్ (నిర్వాహక ఖాతా) పేరు మీద కనిపిస్తూ నన్ను రాయనివ్వడం లేదని ఇంతకుముందు అడిగాను. రెండు సమస్యలూ తీరాయి. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఏ డిస్కులను మౌంట్ చేయాలో (అంటే ఫోల్డర్‌లా వాడుకునేలా జోడించాలో) చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో రాసిన డిస్క్ కోసం, లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్ సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, అది రాకపోతే బూట్ విఫలమైనట్టు పరిగణిస్తుంది. ఆ వరుసలో ‘నోఫెయిల్’ చేర్చాక డిస్క్ లేకపోయినా కంప్యూటర్ సాఫీగా మొదలవుతోంది. లినక్స్ డిస్కులకు ఇచ్చే ఎస్‌డీబీ1 వంటి పేర్లు మారిపోయే అవకాశం ఉంది కాబట్టి డిస్క్‌ను దాని ప్రత్యేక గుర్తింపైన యూయూఐడీతోనే పేర్కొన్నాను.

అనుమతుల విషయం ఇంకాస్త లోతైనది. యునిక్స్ తరహా యాజమాన్య వివరాలను ఎక్స్‌ఫ్యాట్ అసలు భద్రపరచదు కనుక, మౌంట్ అయ్యాక ఛోన్ ఆదేశంతో యజమానిని మార్చాలని చూడడం వల్ల ప్రయోజనం లేదు. మౌంట్ చేసే సమయంలోనే యూఐడీ (యజమాని ఖాతా సంఖ్య), జీఐడీ (గ్రూపు సంఖ్య), యూమాస్క్ (ఏ అనుమతులు తీసేయాలో చెప్పే సంఖ్య) ఆప్షన్ల ద్వారా ఆ సంగతి చెప్పాలి. యూఐడీ, జీఐడీలకు 1000, యూమాస్క్‌కు 022 ఇచ్చాను. మా కంప్యూటర్‌లో నా ఖాతా సంఖ్య 1000. మీది ‘ఐడీ’ ఆదేశంతో చూసుకోండి.

అప్పుడప్పుడూ తగిలించే పెన్‌డ్రైవ్‌లకు మాత్రం ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను ముట్టుకోనవసరం లేదు, వాటిని డెస్క్‌టాప్‌లోని యుడిస్క్స్ అనే సేవ లాగిన్ అయిన వారి పేరు మీదే మౌంట్ చేస్తుంది.