పాలపిట్టను ఇంగ్లీషులో రోలర్ అని ఎందుకంటారు?

మాది నల్గొండ జిల్లా, దేవరకొండ వైపు. దసరా సెలవుల లోపు బడి పిల్లలతో పాలపిట్ట మీద చార్టు చేయిస్తున్నాను. మన రాష్ట్ర పక్షి, 1758లో లిన్నేయస్ అనే శాస్త్రవేత్త దీన్ని కాకుల్లో కలిపేశాడు, ఇప్పటి శాస్త్రీయ నామం కొరేసియాస్ బెంగాలెన్సిస్: ఇదంతా దొరికింది. ‘ఇండియన్ రోలర్’ దగ్గరే బండి ఆగింది.

ఫోన్‌లో అనువాదం అడిగితే రోడ్డు రోలర్ చూపించింది, పిల్లలు పడీ పడీ నవ్వారు. నిఘంటువులో ‘దొర్లేది’ అని ఉంది, అంతే. జతకట్టే కాలంలో గాల్లో పల్టీలు కొడుతుంది కాబట్టి ఆ పేరని ఒక పక్షుల పుస్తకంలో చదివాను. మా చేను దగ్గర కరెంటు తీగ మీద కూర్చునే పిట్ట మాత్రం మిడత కనబడితే నేరుగా దిగుతుంది, నీలి రెక్కలు ఒక్కసారి తళుక్కుమంటాయి, మళ్లీ తీగ మీదికే. పల్టీ ఎప్పుడూ కనబడలేదు. పైగా యూరప్‌లోని దీని చుట్టాన్ని జర్మన్‌లో ‘రాకె’ అంటారట, అది గరుకు అరుపును బట్టి పెట్టిన పేరట. దాంతో ఇంకా టెన్షన్ పట్టుకుంది.

దీన్ని ‘బ్లూ జే’ అని కూడా అంటారు, ఆ సంగతి వద్దు, జే అనే పిట్టది వేరే కుటుంబం.

తెలిసినవాళ్లు చెప్పండి: ఇంగ్లీషులో రోలర్ అన్న పేరు ఆ పల్టీల వల్ల వచ్చిందా, అరుపు వల్ల వచ్చిందా?