గుడ్లగూబ గూటి దగ్గర పెట్టిన పోర్టబుల్ రికార్డర్ అర్ధరాత్రి దాటాక ఆగిపోతోంది

గూటి పహరా:

నమస్కారం. వాడకుండా వదిలేసిన ఒక ధాన్యపు గిడ్డంగి అటక మీద గుడ్లగూబల జంట గూడు చేసుకుంది. హృదయాకారంలో తెల్లని ముఖం ఉండే రకం. గుడ్లు పెట్టక ముందే, ఆ జంట చోటు చూసుకుంటున్న రోజుల్లోనే, యజమాని అనుమతి తీసుకుని అక్కడ రెండు కెమెరాలు బిగించాను. ఒకటి గూటిని పైనుంచి చూస్తుంది. రెండోది పక్షులు వచ్చిపోయే కన్నం వైపు చూస్తుంది. భవనంలో కరెంటు లేదు. అందుకే నాలుగు కెమెరాలు కలపగల పోర్టబుల్ రికార్డర్‌ను, 12 వోల్టుల 18 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీతో కలిపి ఒక పెట్టెలో అమర్చి కింది గదిలో ఉంచాను. రోజూ సాయంత్రం ఛార్జి చేసిన బ్యాటరీ తీసుకువెళ్లి, ఉదయం దాన్ని వెనక్కి తెచ్చుకుంటాను.

ఈ జాతి పక్షి గుడ్లన్నీ ఒక్కరోజే పెట్టదు. రెండు మూడు రోజులకొకటి పెడుతుంది. మొదటి గుడ్డు నుంచే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి పిల్లలు కూడా అదే వరుసలో, రోజుల తేడాతో పుడతాయి. ఇప్పుడు గూట్లో నాలుగు పిల్లలున్నాయి. పెద్దదానికీ చిన్నదానికీ వారానికి పైగా తేడా ఉంది. పెద్దది ఎలుకను మొత్తంగా మింగుతోంది. చిన్నదానికి తల్లి ముక్కలు చేసి పెట్టాలి. ఆహారం తగ్గితే ముందుగా నష్టపోయేది ఆ చిన్నదే. అది తింటోందా, ఎన్నిసార్లు తింటోంది అన్నది నేను రోజూ నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. కానీ సగం రాత్రి గురించే రాయగలుగుతున్నాను.

సాయంత్రం ఆరున్నరకు రికార్డర్ పెడితే రెండు దాటాక ఆగిపోతుంది. ఆ చివరి ఫైలు తెరుచుకోదు. రెండో కెమెరా పగలు బాగానే ఉంటుంది. చీకటి పడ్డాక దాని బొమ్మ పోయి వస్తూ ఉంటుంది. మెట్ల దగ్గర నిలబడితే పైనుంచి టిక్, టిక్ అని చిన్న చప్పుడు వినిపిస్తోంది. కదలిక ఉన్నప్పుడు మాత్రమే రికార్డు చేసేలా పెట్టాను. అయితే తండ్రి పక్షి ఎలుకతో లోపలికి వచ్చే క్షణం ఎప్పుడూ దొరకదు, వెనుదిరిగి పోతున్న తోక మాత్రం దొరుకుతుంది. వీటికి తోడు బ్యాటరీ మార్చిన ప్రతిసారీ తేదీ 2000 జనవరి 1కి పోతోంది. ఒక్కోసారి మళ్లీ సరిచేయడం మరిచిపోతున్నాను.

ఒక్కసారి నిచ్చెన వేసుకుని ఎక్కి, రెండో కెమెరాను చూసి, దాని దిశ కూడా కొంచెం మార్చి వద్దామా అని ఆలోచిస్తున్నాను. నేను సైన్సు ఉపాధ్యాయురాలిని. మల్టీమీటరు వాడటం వచ్చు. ఏం చేయమంటారు?

తీగల మనిషి:

అమ్మా, నిచ్చెన ఎక్కకండి. మీరు చెప్పిన వాటిలో ఒక్కదానికి కూడా గూటి దగ్గరికి పోవలసిన అవసరం లేదు. పిల్లలున్న గూటి దగ్గర మనిషి కనిపిస్తే తల్లి ఎగిరిపోతుంది, పెద్ద పిల్లలు బెదిరి అంచుకు జరుగుతాయి. మీరు ఎంత ప్రేమతో వెళ్లినా వాటికి ఆ తేడా తెలియదు. కింది గదిలో కూర్చునే అన్నీ సరిచేద్దాం.

ముందు రాత్రి రెండు దాటాక ఆగిపోయే సంగతి. మీ రికార్డర్ 6 వాట్లు తీసుకుంటుందనుకుందాం. కెమెరాలు రాత్రిపూట పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) దీపాలు వెలిగించి ఒక్కోటి 4 వాట్లు తీసుకుంటాయి. మొత్తం 14. మీ బ్యాటరీ 12ను 18తో గుణిస్తే 216 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి వాడితే దాని ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది. సగం అంటే 108. దాన్ని 14తో భాగిస్తే ఏడు గంటల నలభై నిమిషాలు. ఆరున్నరకు కలపండి, రెండూ పది అవుతుంది. మీ పెట్టెలో బ్యాటరీకి, రికార్డర్‌కు మధ్య వోల్టేజి తగ్గితే కరెంటు తెంపేసే చిన్న పరికరం ఉందా? ఉంటే అది తన పని తాను సరిగ్గా చేస్తోంది. రికార్డర్ మాత్రం రాస్తూ రాస్తూ మధ్యలో ఆరిపోతోంది. ఎంపీ4 రకం వీడియో ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక సాధారణంగా ఫైలు మూసేటప్పుడు రాస్తారు. అది రాయకముందే కరెంటు పోతే బొమ్మలు మెమరీ కార్డులో ఉన్నా ప్లేయర్ వాటిని చూపించలేదు.

రికార్డర్ మెనూలో కనీస వోల్టేజి అని ఉంటుంది. దాన్ని ఆ తెంపే పరికరం కన్నా కొంచెం ఎక్కువకు పెట్టండి. అప్పుడు రికార్డరే ముందుగా ఫైలు మూసుకుని పడుకుంటుంది. ఒక్కో ఫైలు నిడివి గంటకు బదులు అయిదు నిమిషాలకు తగ్గించండి. ఏదైనా పోయినా అయిదు నిమిషాలే పోతుంది.

తెల్లారేదాకా నడవాలంటే మాత్రం పెద్ద బ్యాటరీ కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 12.8 వోల్టుల 20 ఆంపియర్-అవర్‌ది తీసుకుంటే 256 వాట్-అవర్లు. అందులో ఎనభై శాతం వాడినా పద్నాలుగు గంటలకు పైగా వస్తుంది. రోజూ మోసే బరువు కూడా తగ్గుతుంది. దాని ఛార్జరు వేరు, పాతది వాడకండి. రికార్డర్‌లో 4జీ, జీపీఎస్ ఉండి మీరు వాడకపోతే అవి ఆపేయండి.

ఇక ఆ టిక్ చప్పుడు. అది చదవగానే నాకు బాధ కలిగింది, ఎందుకంటే అది గూటి పక్కనే జరుగుతోంది. రాత్రి కాగానే కెమెరా లెన్సు వెనకున్న పరారుణ వడపోత పక్కకు జరుగుతుంది. చప్పుడు దానిదే. రోజుకు రెండుసార్లు జరగాలి, సాయంత్రం ఒకసారి, ఉదయం ఒకసారి. మీకు పదే పదే వినిపిస్తోందంటే కెమెరా ఆరిపోయి మళ్లీ లేస్తోందన్నమాట. దీపాలు వెలగగానే ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్నటి తీగలో వోల్టేజి పడిపోతుంది, కెమెరా ఆగుతుంది. దీపాలు ఆరగానే వోల్టేజి కోలుకుంటుంది, మళ్లీ లేస్తుంది. పగలు బాగుండటానికి కారణం అదే. తీగ పొడవెంత, మందమెంత? జాయింటు ఎక్కడుంది?

నిదానం:

తోక మాత్రమే దొరకడం గురించి. కదలికను గుర్తించి, ఆ తర్వాత రికార్డు మొదలుపెట్టేలోపు పక్షి లోపలికి వచ్చేసి ఉంటుంది. మెనూలో ముందస్తు రికార్డు అని ఉంటే పది సెకన్లు పెట్టండి. రికార్డర్ ఎప్పుడూ గత పది సెకన్లను జ్ఞాపకంలో ఉంచుకుని, కదలిక రాగానే వాటిని కూడా ఫైలులో కలుపుతుంది.

నేనైతే మీ పనికి కదలిక పద్ధతే వద్దంటాను. చిన్న పిల్ల తల్లి కింద దూరి తింటున్నప్పుడు కదలిక చాలా తక్కువ. మీరు వెతికేది సరిగ్గా అదే. దానికి తోడు లెన్సు ముందు ఒక్క సాలెపోగు చేరిందంటే పరారుణ వెలుగుకు అది తెల్లగా మెరిసి రాత్రంతా కదలిక ఉన్నట్టే చూపిస్తుంది. ఆపకుండా రికార్డు చేయండి. స్థలం సరిపోతుంది: ఒక్కో కెమెరాకు సెకనుకు 2 మెగాబిట్లు ఇస్తే రెండింటికీ కలిపి గంటకు 1.8 గిగాబైట్లు. పన్నెండు గంటలకు 22 గిగాబైట్లకు కొంచెం తక్కువ. 128 గిగాబైట్ల కార్డులో అయిదు రాత్రులు హాయిగా పడతాయి. నిలకడగా కూర్చున్న పక్షుల బొమ్మకు ఆ మాత్రం చాలు. కార్డు మాత్రం ఎక్కువకాలం ఆగకుండా రాసే పనికి తయారుచేసిన ఎండ్యూరెన్స్ రకం తీసుకోండి.

గూటి పహరా:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిచ్చెన ఆలోచన మానేశాను.

నిన్న రాత్రి కొలిచాను. తీగ 25 మీటర్లు. సన్నటి తీగ, 0.2 చదరపు మిల్లీమీటర్లది. కెమెరాతో వచ్చిన సొంత తీగ అటక తలుపు అవతలి నుంచి బయటికి వచ్చి మెట్ల మలుపులో ఈ తీగతో ముడిపడి ఉంది, కాబట్టి అక్కడిదాకా గూటికి కనబడకుండా వెళ్లవచ్చు. బ్యాటరీ దగ్గర 11.9 వోల్టులు ఉన్నప్పుడు ఆ ముడి దగ్గర 10.5 మాత్రమే ఉంది. మీరు చెప్పినట్టే పెట్టెలో తెంపే పరికరం ఉంది, దాన్ని 12 దగ్గర పెట్టానని అనుకున్నాను. చూస్తే 11.8 అని ఉంది. పరారుణ దీపాలు 940 నానోమీటర్లవి కాబట్టి వెలుగుతున్నాయో లేదో కంటికి తెలియక ఇన్నాళ్లూ తీగను అనుమానించలేదు.

ఇంకొక విషయం మొదట రాయలేదు, రాయడానికి మనసు రాలేదు. నాలుగో పిల్ల గుడ్డు పగిలి బయటికి వచ్చిన రాత్రి రికార్డింగ్ నా దగ్గర లేదు. ఆ రోజు తేదీ సరిచేయడం మరిచిపోయాను. మర్నాడు ఉదయం చిన్న తెరమీద ఆ ఫైలు చూశాను, ఉంది. రెండు రోజుల తర్వాత కాపీ చేద్దామని చూస్తే అది లేదు, అంతకన్నా పాతవి మాత్రం ఉన్నాయి. కార్డు నిండిన మాట నిజమే. కానీ పాతవి ఉండగా కొత్తది ఎలా పోయింది?

తీగల మనిషి:

తీగ లెక్క సరిపోయింది. 25 మీటర్లంటే పోను రాను 50 మీటర్ల రాగి. 0.2 మందానికి దాదాపు 4.3 ఓములు. 4 వాట్ల కెమెరా మూడో వంతు ఆంపియర్ లాగుతుంది, అంటే 1.4 వోల్టులు తీగలోనే పోతాయి. 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.4 లోపే ఉంటుంది. మెట్ల మలుపు నుంచి పెట్టె వరకు మార్చండి, చాలు. పగటిపూట, పక్షులు కదలకుండా ఉండే వేళ, చప్పుడు లేకుండా చేయండి. బొమ్మ తీసుకువెళ్లే తీగను ముట్టుకోవద్దు.

పోయిన ఫైలు గురించి: కార్డు నిండితే రికార్డర్ అన్నిటికన్నా పాత ఫైలును చెరుపుతుంది. ఏది పాతదో తేదీ చూసి నిర్ణయించే రకమైతే 2000 జనవరి అని ఉన్నదే దానికి అన్నిటికన్నా పాతది. మీ కొత్త ఫైలు వరుసలో మొదట నిలబడింది.

ఆ కార్డును ఇప్పుడే బయటికి తీసి పక్కన పెట్టండి. ఇంకొక కార్డు వాడండి. చెరిపిన ఫైలు మీద కొత్తది రాయనంతవరకు దాని బొమ్మలు కార్డులో ఉండవచ్చు. రెండు రోజులు రాసింది కాబట్టి ఆశ తక్కువే, అయినా ఆ రాత్రంతా పోయి ఉండకపోవచ్చు. ముందు కార్డు మొత్తానికి కంప్యూటర్‌లో బైటు బైటుగా నకలు తీసి, వెతికే పని ఆ నకలు మీదే చేయండి. తెరుచుకోని చివరి ఫైళ్లకు అయితే మంచి అవకాశం ఉంది. అన్‌ట్రంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అదే రికార్డర్ తీసిన ఒక మంచి ఫైలును నమూనాగా చూసి పాడైనదానికి సూచిక తిరిగి కడుతుంది.

గడియారానికి లోపల సాధారణంగా నాణెం ఆకారంలో సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది, దాన్ని మార్చండి. రెండు బ్యాటరీలనూ ఒకేసారి తీయకండి.

నిదానం:

మీకు రెండు ఛానళ్లు ఖాళీగా ఉన్నాయి కదా. మూడోదానికి ఏదైనా చిన్న కెమెరా కలిపి పెట్టె దగ్గరే ఉంచండి. రోజూ మొదటి నిమిషం దాని ముందు మీ ఫోను గడియారం పట్టుకోండి. ఆ తర్వాత కెమెరా తీగ తీసేయండి, బ్యాటరీ మిగులుతుంది. అన్ని ఛానళ్లకూ రికార్డర్ సమయం ఒక్కటే కాబట్టి ఎప్పుడైనా తేదీ తప్పినా గూటి బొమ్మకు అసలు సమయం లెక్క కట్టవచ్చు. నోటు పుస్తకంలో రాసే మనిషికి ఇది తప్పకుండా పనికొస్తుంది.

గూటి పహరా:

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. తీగ మార్చాను. ఆ సాయంత్రం మెట్ల మలుపులో గంటసేపు కూర్చుని విన్నాను. చీకటి పడుతుండగా ఒక్కసారి టిక్ అంది, అంతే. కొత్త బ్యాటరీతో ఉదయం ఆరున్నర దాకా ఆగకుండా నడుస్తోంది. రికార్డర్ కనీస వోల్టేజి 12, తెంపే పరికరం 11 దగ్గర పెట్టాను. ఫోను గడియారం చూపించడం ఇప్పుడు తాళం తీసినంత అలవాటైంది.

పాత కార్డు నకలులో నాలుగో పిల్ల పుట్టిన రాత్రి దొరకలేదు. తెరుచుకోని ఫైళ్లలో పదకొండు మాత్రం బాగయ్యాయి.

ఇన్నాళ్లూ నేను చూడని వేళ ఇది: మొన్న రాత్రి 4:10కి, పెద్ద పిల్లలు మూడూ కడుపునిండి నిద్రపోతుండగా, తండ్రి కన్నంలో వాలి ఎలుకను తల్లికి అందించింది. తల్లి దాన్ని చీల్చి, తన రెక్క కింద నుంచి తల బయటపెట్టిన చిన్నదానికి ఆరు ముక్కలు పెట్టింది. నిన్న 3:50కి మళ్లీ అలాగే. నేను సగం రాత్రే చూసి, ఆ చిన్నది ఆకలితో ఉందని నోటు పుస్తకంలో పన్నెండు రోజులు రాశాను. ఆ పేజీల పక్కన ఈ ఉదయం సమయాలు చేర్చడం మొదలుపెట్టాను.