పరిశోధన నైతికతను సిమిలారిటీ శాతానికి అవతల ఎలా బోధించాలి?

ప్రశ్న: రసాయనశాస్త్ర అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ కోర్సు వర్కులో భాగమైన ‘పరిశోధన, ప్రచురణ నైతికత’ పాఠాన్ని ఈ ఏడాది మా విశ్వవిద్యాలయంలో నాకు అప్పగించారు. యూజీసీ 2019 డిసెంబరులో తప్పనిసరి చేసిన రెండు క్రెడిట్ల కోర్సు ఇది. ఆరు యూనిట్లు, 30 గంటలు. నిరుడు దీన్ని బోధించిన సహోద్యోగి తరగతులకు రెండుసార్లు వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. ఆయన శ్రద్ధగానే చెప్పారు, కానీ స్కాలర్ల ప్రశ్నలు మాత్రం సిమిలారిటీ రిపోర్టును, అంటే థీసిస్‌లో ఎంత శాతం ఇతర రచనలతో కలుస్తోందో సాఫ్ట్‌వేరు చూపే నివేదికను, దాటి రాలేదు. 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి, 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది అన్న 2018 నాటి నిబంధన వారికి కంఠతా వచ్చు. వాక్యాన్ని ఎలా తిప్పి రాస్తే శాతం తగ్గుతుందన్నదే వారి సందేహమంతా.

నన్ను కలవరపెడుతున్న విషయం వేరు. కొన్నేళ్ల కిందట ఒక థీసిస్ అనుబంధంలోని ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రాలను (పదార్థపు అణు నిర్మాణాన్ని పీకుల రూపంలో చూపే పటాలను) చూస్తుండగా ఒకచోట నా చూపు ఆగిపోయింది. పటమంతటా బేస్‌లైను, అంటే పీకులు లేనిచోట ఉండే అడుగు గీత, సన్నగా వణుకుతూ ఉంటే, 2.17 పీపీఎం దగ్గర గోరంత మేర స్కేలు పెట్టి గీసినంత నున్నగా ఉంది. పిలిచి అడిగితే, ‘అది మిగిలిపోయిన ఎసిటోన్ పీకు మేడమ్, మన కాంపౌండుది కాదు కదా అని తీసేశాను, సీనియర్లు కూడా అలాగే శుభ్రం చేస్తారు’ అని ఆ అబ్బాయి దాపరికం లేకుండా చెప్పాడు. మోసం చేస్తున్నానన్న ఆలోచన అతనికి లేనే లేదు. ఆ థీసిస్ సిమిలారిటీ ఆరు శాతమే. ఇలాంటి తప్పును తప్పుగా గుర్తించే చూపును 30 గంటల్లో ఎలా అలవాటు చేయాలో, మీరు తరగతిలో చేసి చూసినవి ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు 1: మాలిక్యులర్ బయాలజీ అధ్యాపకుడు

మేడమ్, ఆ నున్నటి గీతతోనే మీ మొదటి తరగతి మొదలుపెట్టండి. మా రంగంలో ఆ పని వెస్టర్న్ బ్లాట్ల మీద, అంటే ప్రొటీన్లను బ్యాండ్లుగా (చారలుగా) చూపే బొమ్మల మీద, జరుగుతుంది. సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో 20,621 పరిశోధన పత్రాల్లోని బొమ్మలను కంటితో పరిశీలించి, 3.8 శాతం పత్రాల్లో ఒకే బొమ్మ మళ్లీ వాడటం వంటి లోపాలున్నట్టు గుర్తించారు. నేను ఉపన్యాసం ఇవ్వకుండా, రిట్రాక్ట్ అయిన (పత్రికలు వెనక్కి తీసుకున్న) పత్రాల్లోని బొమ్మలను ముద్రించి చేతికిచ్చి, 20 నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడమంటాను. ఒక బ్యాండు అంచున ఉన్న చిన్న మచ్చ మరో వరుసలోనూ కనిపించిన క్షణంలో తరగతిలో వచ్చే నిశ్శబ్దం ఏ నిర్వచనంతోనూ రాదు.

అంతకంటే ఉపయోగపడిన పని నోట్‌బుక్కుల మార్పిడి. ప్రతి స్కాలరు కిందటి నెల రాసిన రెండు పేజీలను పక్కవారికి ఇవ్వాలి. అందుకున్నవారు ఆ ప్రయోగాన్ని రేపు ఉదయం తాము చేయాలంటే ఏమేం తెలియాలో రాయాలి. ఒకమ్మాయి పేజీలో ‘నిన్నటిలాగే’ అని మాత్రమే ఉంది, ఆ నిన్నటి పేజీకి తేదీ లేదు. ఇంకొకరి పుస్తకంలో జెల్ సరిగా రాని రోజుల పేజీలే లేవు. అనుకూలమైన ఫలితాలనే ఏరి చూపడం గురించి ఆ తర్వాత నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు, వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు.

జవాబు 2: ప్రజారోగ్య పరిశోధకురాలు

ప్రయోగశాల బయట పనిచేసే స్కాలర్లు కూడా మీ తరగతిలో ఉంటారు కాబట్టి, మన ప్రాంతంలోనే జరిగిన ఒక ఉదంతాన్ని వదిలిపెట్టవద్దని నా మనవి. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా) అధ్యయనంలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి టీకాలు వేశారు. వారిలో ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికలు చాలామంది. కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేకపోవడానికే ఎక్కువ అవకాశం ఉందని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం భావించింది; ఆ టీకా విలువ గురించి నాకూ సందేహం లేదు. తప్పు అంగీకారం తీసుకున్న తీరులో ఉంది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై ఉన్నవి తల్లిదండ్రుల సంతకాలు కావని, హాస్టల్ వార్డెన్లు చేసినవని లెక్క తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

తరగతిలో నేను దీన్ని కథగా చెప్పి ఊరుకోను. స్కాలర్లతో తెలుగులో ఒక అంగీకార పత్రం రాయించి, మా కార్యాలయంలో అటెండరుగా చేసే అమ్మగారిని కూర్చోబెట్టి చదివి వినిపించమంటాను. ‘యాదృచ్ఛికంగా ఎంపిక చేయబడిన’ దగ్గరే ఆమె చేయెత్తి ఆపేస్తారు. ‘లాటరీ తీసినట్టా?’ అని ఆమె అడిగిన ప్రశ్నే తర్వాతి ప్రతిలో వాక్యమైంది.

జవాబు 3: తెలుగు శాఖ అధ్యాపకుడు

శాతం మీద మీకున్న అనుమానానికి మా శాఖలో ఇంకో ఆధారం ఉంది. అను ఫాంట్లలో టైపు చేసిన థీసిస్‌లో కంటికి తెలుగు కనిపించినా, లోపల నిక్షిప్తమయ్యేది యూనికోడ్ తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. దాన్ని సాఫ్ట్‌వేరు తెలుగుగా చదవలేదు, అందుకే సిమిలారిటీ దాదాపు సున్నా వస్తుంది. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేసి సొంత అధ్యాయంగా పెట్టుకున్నా అది పట్టుకోవడం అరుదు. గైడు మూలాలు చదివి ఉంటేనే తెలుస్తుంది.

పైన మేడమ్ గారు చెప్పిన అంగీకారానికి మా దగ్గర మరో ముఖం ఉంది. ఆరోగ్య పరిశోధనలో మాట చెప్పినవారి పేరు దాచడం మర్యాద. జానపద పరిశోధనలో అదే పని అన్యాయం కావచ్చు. ఒగ్గు కథ చెప్పిన కళాకారుణ్ణి మూడు రాత్రులు రికార్డు చేసుకుని, థీసిస్‌లో ‘ఒక వృద్ధ కళాకారుడు’ అని రాసేస్తే, ఆయన విద్యనంతా తీసుకుని పేరు మాత్రం ఎగ్గొట్టినట్టే. పేరు వేయాలా వద్దా అని ఆయన్నే అడగాలన్న ఆలోచన మా స్కాలర్లకు చాలా ఆలస్యంగా వస్తోంది.

జవాబు 4: పరిశోధక విద్యార్థి, నాలుగో సంవత్సరం

అధ్యాపకుల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించండి. ఈ కోర్సు నేను మొదటి ఏడాదిలోనే పూర్తి చేశాను, మంచి గ్రేడు వచ్చింది. రెండో ఏడాది నా మొదటి పత్రం పంపేటప్పుడు, ప్రయోగశాల గడప కూడా తొక్కని ఇద్దరి పేర్లు రచయితల జాబితాలో చేరాయి. రచయితగా ఉండాలంటే పనిలో గణనీయమైన పాత్ర, రాతలో భాగం, తుది ప్రతికి ఆమోదం, జవాబుదారీతనం నాలుగూ ఉండాలని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ చెప్పిన సంగతి నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా. తెలిసినా అడగలేకపోయాను, ఎందుకంటే నా ఫెలోషిప్ కాగితాల మీద సంతకం పెట్టాల్సినవారు వారే. మాకు చెప్పేది సగం తగ్గించినా ఫరవాలేదు, మా గైడ్లను కూడా ఆ తరగతిలో కూర్చోబెట్టండి మేడమ్.

ప్రశ్న అడిగిన అధ్యాపకురాలు

అందరికీ కృతజ్ఞతలు. చివరి జవాబు చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. నా సొంత పత్రాల జాబితా తీసి చూసుకుంటే, ఒకదానిలో నా పేరు అలా చేరిందేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి తరగతిలో నేనే చెబుతాను. నా పాత స్పెక్ట్రమ్ ఒకదాన్ని తీసుకుని, చెరిపిన ప్రతీ చెరపని ప్రతీ పక్కపక్కన ముద్రించాను. మొదటి వారం ఆ రెండు కాగితాలు మాత్రమే బల్లమీద ఉంటాయి, నోట్‌బుక్కుల మార్పిడి రెండో వారం. గైడ్లు కనీసం రెండు తరగతులకు రావాలని విభాగాధిపతికి లేఖ ఇచ్చాను. ఇప్పటికి నలుగురు వస్తామన్నారు. జవాబు 2 రాసిన మేడమ్ గారూ, లాటరీ మాట చేరిన ఆ అంగీకార పత్రం తుది ప్రతిని ఇక్కడ పెట్టగలరా? మా ఫార్మసీ స్కాలర్లకు వచ్చే నెలలోనే అవసరం పడుతుంది.