రెండు రోజుల రాడాన్ టెస్ట్‌లో 230 వచ్చింది: ఇప్పుడే ఫ్యాన్ పెట్టించాలా, ఆగాలా?

నేలగది:
చలి ప్రాంతంలో బేస్‌మెంట్ ఉన్న ఇల్లు మాది. పిల్లలు కిందే పడుకుంటారు. నేలలోంచి ఇంట్లోకి చేరి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తెచ్చే రేడియోధార్మిక వాయువే రాడాన్ కదా, దానికి జనవరిలో రెండు రోజుల చార్‌కోల్ (బొగ్గు డబ్బా) టెస్ట్ చేస్తే క్యూబిక్ మీటరు గాలికి 230 బెక్వెరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) వచ్చింది. అమెరికాలో 148, కెనడాలో 200 దాటితే సరిచేయమంటారు. మూడు నెలల టెస్ట్ చేశాకే, ఆ వాయువును బయటికి పంపే ఫ్యాన్‌కు ఖర్చు పెడదామంటారు మావారు. నాకేమో టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

ఓపిక:
మీవారు చెప్పిందే సరి. చలికాలంలో ఇంట్లోని వేడిగాలి పైకి పోతుంటే కింద ఒత్తిడి తగ్గుతుంది. దాంతో నేలలోని రాడాన్ బేస్‌మెంట్ నేల స్లాబు పగుళ్లలోంచి, సంప్ గుంతలోంచి (బేస్‌మెంట్‌లో ఊట నీళ్లు చేరే గుంత) లోపలికి వస్తుంది. కిటికీలూ మూసే ఉంటాయి. కాబట్టి జనవరిలో వచ్చే అంకె ఏడాది సగటు కంటే ఎక్కువగానే ఉండొచ్చు. రెండు రోజుల్లో గాలి, వాన మారినా అంకె మారిపోతుంది.

మూసిన_కిటికీ:
ఓపిక గారూ, కెనడా ఆరోగ్య శాఖ మూడు నెలల టెస్ట్‌ను కూడా చలికాలంలోనే చేయమంటుంది. తలుపులు బిగించుకుని మనం బతికేది ఆ నెలల్లోనే కదా! రాడాన్ పీల్చినా చాలావరకు బయటికి వచ్చేస్తుంది. అది విడిపోతే పుట్టే పొలోనియం మాత్రం ఊపిరితిత్తుల్లో అంటుకుని అక్కడే ఆల్ఫా కణాలు (ఒక రకం రేడియేషన్) విడుస్తుంది. రాడాన్‌కు రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. పక్కింట్లో 60 వచ్చిందని మేం నాలుగేళ్లు టెస్టే చేయలేదు. చేస్తే 410! గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలోనూ ఇంత తేడా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆ నాలుగేళ్లు తలచుకుంటే ఇప్పటికీ బాధే.

ఓపిక:
మీ బాధ అర్థమైంది. నేను వదిలేయమనలేదండీ. 200 నుంచి 600 మధ్య ఉంటే రెండేళ్లలోపు, 600 దాటితే ఏడాదిలోపు సరిచేయమంటుంది కెనడా. ఈ ముప్పు ఏళ్ల తరబడి పీల్చినదాన్ని బట్టి పెరుగుతుంది. యూరప్ అధ్యయనాల ఉమ్మడి లెక్కలో దీర్ఘకాల సగటు 100 బెక్వెరెల్స్ పెరిగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 16 శాతం దాకా పెరుగుతోంది. మూడు నెలలు ఆగితే కొంప మునగదు. ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లుంటే మాత్రం, రాడాన్ కంటే ముందు అది మానిపించండి. ఈ రెండూ కలిస్తే ముప్పు ఎన్నో రెట్లు.

మూసిన_కిటికీ:
ఆ మూడు నెలలు పిల్లల్ని మాత్రం కింద పడుకోబెట్టొద్దు. మేడ మీది కిటికీ తెరిస్తే పోతుందనుకోకండి, కొన్నిసార్లు కింది నుంచి ఇంకా ఎక్కువ లాగుతుంది. మేం స్లాబు కిందికి పైపు దింపి, ఫ్యాన్‌తో ఆ గాలిని ఇంటి బయటికి పంపించాం. 410 కాస్తా 45 అయింది. ఫ్యాన్ పెట్టాక కూడా మళ్లీ కొలవాలి.

నేలగది:
పిల్లల పరుపులు ఈ రాత్రే పైకి మార్చేశాం. మూడు నెలల డిటెక్టర్ బేస్‌మెంట్‌లో పెట్టాం. ఏప్రిల్‌లో 200 దాటి వస్తే ఇంకో మాట లేకుండా ఫ్యాన్ పెట్టిద్దామని మావారూ ఒప్పుకున్నారు. 150, 160 వస్తే? అక్కడ మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీలైతే 100 లోపే ఉంచుకోమంటుంది కాబట్టి నేనైతే పెట్టించాలనే అంటాను.